నీళ్ల సంగతులు: ఈ నెలంతా బొగ్గే

పోయిన నెల ఇదే శీర్షికలో ఒక్క ముక్క రాశాను. నీళ్ల ఫిల్టర్లో కార్బన్, అంటే క్లోరిన్, వాసన తీసే బొగ్గు, ఎప్పుడు మార్చామో గుర్తులేదంటే అది ఎప్పుడో అయిపోయినట్టే లెక్క అని. అంతే, ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు మీద పడ్డాయి. కావలి బస్టాండు దగ్గర టీ తాగుతుంటే ఒకాయన ఆపి, "మా ఇంట్లో కూడా కార్బనే ఉందంట సార్, తీసేయించమంటారా?" అన్నాడు. తీసేయొద్దండీ బాబూ. మార్చమన్నాను, తీసేయమనలేదు.

కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట. నేను ఇరవై రెండేళ్లు సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీల్లో నీళ్ల పని చూశాను. ఇప్పుడు కావలి, కందుకూరు, సింగరాయకొండ మధ్య వాటర్ ప్లాంట్లకు సర్వీసు చేస్తుంటాను. చదివింది బీఎస్సీ. మిగతాది చేతులు నల్లబడి నేర్చుకున్నది. ఈ నెల వచ్చినవాటిలో నాలుగు తీసుకుంటున్నాను. మిగతావన్నీ అటూ ఇటూగా ఇవే.

ప్రశ్న: మాది గంటకు వెయ్యి లీటర్ల మినరల్ వాటర్ ప్లాంటు, బోరు నీళ్లు. ట్యాంకులో పాకుడు పడుతోందని వారానికి రెండుసార్లు బ్లీచింగ్ వేస్తున్నాం. కొత్త మెంబ్రేన్ (నీళ్లలోని ఉప్పును ఆపే సన్నటి పొర) వేసి ఎనిమిది నెలలు కాలేదు, 60 ఉండే టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క) 300కి ఎక్కింది. నీళ్లు మాత్రం మునుపటికంటే బాగానే వస్తున్నాయి. కార్బన్ ఫిల్టర్‌కి ఏమీ కాలేదు, రెండేళ్ల నుంచి ఒక్క రిపేరు లేదు. మాకు డూప్లికేట్ మెంబ్రేన్ అంటగట్టారా? – ఉలవపాడు నుంచి ఒక ప్లాంటు యజమాని

జవాబు: ముందు ఆ అమ్మినాయన మీద కోపం పక్కన పెట్టండి. మీ ఉత్తరంలోనే జవాబుంది. "నీళ్లు మునుపటికంటే బాగానే వస్తున్నాయి" అన్నారు చూడండి, అక్కడ.

మెంబ్రేన్ రెండు రకాలుగా చెడుతుంది. ఉప్పు, సున్నం పేరుకుని మూసుకుపోతే నీళ్లు తగ్గుతాయి. క్లోరిన్ తగిలి పొర తినేస్తే నీళ్లు పెరుగుతాయి, దాంతోపాటు టీడీఎస్ కూడా పెరుగుతుంది. చిల్లుపడిన జల్లెడ బాగా జల్లిస్తోందని సంతోషపడినట్టు ఉంటుంది. మీది రెండోది. మనం వాడే మెంబ్రేన్లకు క్లోరిన్ అంటే పడదు. లోపలికి పోయే నీళ్లలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము కూడా మించకూడదు. మీరేమో ట్యాంకులో బ్లీచింగ్ చల్లుతున్నారు. దాన్ని ఆపాల్సింది మధ్యలో ఉన్న కార్బన్. రెండేళ్లుగా రిపేరు లేదంటున్నారు. బొగ్గుకు రిపేరు ఎక్కడిదండీ? మోటారైతే మూలుగుతుంది, పైపైతే కారుతుంది. బొగ్గు నిండిపోయినా నీళ్లు అలాగే తెల్లగా వస్తాయి, గేజీలో ముల్లు కదలదు.

ఇది నేను తీరంలో ఒక హేచరీలో నేర్చుకున్నాను, తప్పు నాదే. సముద్రం నీళ్లకు క్లోరిన్ కొట్టి, అది దిగాక కార్బన్ ఫిల్టర్ గుండా పిల్లల ట్యాంకులకు పంపేవాళ్లం. రోజూ రిజర్వాయరు దగ్గర క్లోరిన్ చూసేవాణ్ణి. కార్బన్ దాటాక మాత్రం చూసేవాణ్ణి కాదు. కార్బన్ దాటినాక క్లోరిన్ ఎక్కడుంటుందిలే అని ధీమా. సీజన్ రద్దీలో మూడు వారాలు బ్యాక్‌వాష్, అంటే నీళ్లు కింద నుంచి పైకి పంపి బొగ్గును కడగడం, కూడా చేయలేదు. ఒక రాత్రి రెండు గంటలప్పుడు కుర్రాడు వచ్చి లేపాడు. టార్చి వేసి చూస్తే పది టన్నుల ట్యాంకు అడుగున నాప్లీ, అంటే అప్పుడే పుట్టిన రొయ్యపిల్లలు, తెల్లగా, రవ్వ పోసినట్టు పేరుకుని ఉంది. ఒక్కటి కదలడం లేదు. గాజు గొట్టంలో ఆ నీళ్లు పట్టి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేశాను. మేం ఓటీ అనేవాళ్లం. క్లోరిన్ లేకపోతే నీళ్లు నీళ్లలాగే ఉండాలి. లేత పసుపు తిరిగింది, సున్నం కలపని పసుపు నీళ్లలాగా.

తెల్లారి ఫిల్టరు మూత తీస్తే బొగ్గు పైన ఒక అట్ట కట్టి ఉంది. ఒక పక్కన పిడికిలి పట్టేంత బిలం. నీళ్లు బొగ్గంతా తిరగకుండా ఆ బిలంలోంచి దారి చేసుకుని నేరుగా దిగిపోయాయి. చుట్టూ ఉన్న బొగ్గులో సగం దాదాపు కొత్తదే. అందుకే అంటాను, కార్బన్ ఎంత ఉందనేది ఒకటి, నీళ్లు దానితో ఎంతసేపు ఉన్నాయనేది ఇంకొకటి.

మీ లెక్క చూద్దాం. వెయ్యి లీటర్ల మంచినీళ్లు బయటికి రావాలంటే ఇంచుమించు రెండు వేల లీటర్లు లోపలికి పోతాయి. మీ వెసల్‌లో, అంటే బొగ్గు పోసే డబ్బాలో, ఒక సంచి కార్బన్ ఉందనుకుందాం, అంటే 25 కిలోలు, సుమారు 50 లీటర్లు. గంటకు రెండు వేల లీటర్లు యాభై లీటర్ల బొగ్గు గుండా పోతే ఆ నీళ్లకు బొగ్గుతో పరిచయం ఒకటిన్నర నిమిషం. ఉత్త క్లోరినైతే కొత్త కార్బన్ ఆ మాత్రం టైములో ఆపుతుంది. క్లోరిన్‌ను బొగ్గు పట్టి ఉంచుకోదు, దానితో రియాక్షన్ జరిపి మామూలు క్లోరైడ్‌గా మార్చేస్తుంది. అందుకే వాసనలు, పురుగుమందుల విషయంలో చేతులెత్తేసిన కార్బన్ కూడా క్లోరిన్‌ను ఇంకొన్నాళ్లు ఆపుతుంది. ఆ క్లోరినే దాటుతోందంటే మీ కార్బన్ పని ఎప్పుడో అయిపోయింది, లేదా మా హేచరీలోలాగా దారి పడింది. చోటుంటే రెండు సంచులు పట్టే వెసల్ పెట్టుకోండి.

మార్చేటప్పుడు దగ్గరుండి చూడండి. మధ్య పైపు నోటికి గుడ్డ చుట్టో, మూత పెట్టో తర్వాతే గులకరాళ్లు, బొగ్గు పోయాలి. లేకపోతే బొగ్గు పైపులో పడి అడుగు జల్లెడలో ఇరుక్కుంటుంది, మళ్లీ మొత్తం ఖాళీ చేయాల్సిందే. వెసల్ నిండా కుక్కొద్దు. మూడో వంతుకు పైనే ఖాళీ ఉండాలి, బ్యాక్‌వాష్‌లో బొగ్గు పొంగి కలబడటానికి. పోశాక నీళ్లు నింపి ఒక రాత్రి వదిలేయండి. చెవి పెడితే సన్నగా చిటపట వినిపిస్తుంది, రంధ్రాల్లోంచి గాలి వెళ్లిపోతున్న చప్పుడు. మా కుర్రాళ్లు "బొగ్గు నీళ్లు తాగుతోందన్నా" అంటారు. పొద్దున హ్యాండిల్ బ్యాక్‌వాష్‌కి తిప్పి డ్రెయిన్ నీళ్లు చూడండి. ముందు కాటుకలాగా, తర్వాత బూడిద రంగు, ఆ తర్వాత తెల్లగా. తెల్లబడేదాకా ఆపొద్దు, తొందరపడితే ఆ నుసి అంతా పోయి మెంబ్రేన్‌కు ముందుండే సన్న వడపోతల్లో, అదే మీ మైక్రాన్ క్యాండిళ్లలో, కూర్చుంటుంది. వాల్వు మాత్రం పూర్తిగా తెరవొద్దు. బొగ్గు తేలిక, నుసితోపాటు గింజలు కూడా డ్రెయిన్‌లోకి కొట్టుకుపోతాయి. డ్రెయిన్ పైపు కింద ఒక పాత బనియన్ కట్టి చూడండి, గింజ పడుతోందో లేదో తెలుస్తుంది. తర్వాత హ్యాండిల్ రిన్స్‌కి (పై నుంచి కిందికి కడిగి నీళ్లు పారబోయడం), ఆ తర్వాతే ఫిల్టర్‌కి. ఇకమీదట రెండు మూడు రోజులకోసారి పది పదిహేను నిమిషాల బ్యాక్‌వాష్ తప్పనిసరి.

క్లోరిన్ కిట్ ఒకటి కొని మీ బల్ల మీద పెట్టుకోండి. కార్బన్ దాటాక, మెంబ్రేన్‌కు ముందు ఒక చిన్న కుళాయి పెట్టించి వారానికోసారి అక్కడి నీళ్లు చూడండి. తేదీ, ఫలితం ఒక నోటుబుక్కులో రాయండి. రెండేళ్ల మాట పట్టుకుని కూర్చోవాల్సిన అవసరం అప్పుడుండదు. ఆ బ్లీచింగ్ కూడా తగ్గించి ట్యాంకుకు వెలుతురు తగలకుండా మూత వేయండి. పాకుడుకు కావలసింది ఎండే కదా.

ఒక జాగ్రత్త, పెద్ద ప్లాంట్లవాళ్ల కోసం. మనిషి దిగే సైజు కార్బన్ ట్యాంకులుంటాయి. తడి కార్బన్ మూసి ఉన్నచోట గాలిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. లోపల వాసన ఏమీ ఉండదు, అనుమానం రాదు. దిగినవాడు పడిపోతాడు, తియ్యడానికి దిగినవాడూ పడిపోతాడు. మూత తీసి, గాలి కొట్టించి, ఆక్సిజన్ మీటరుతో చూడకుండా తల కూడా లోపల పెట్టొద్దు. కూలికి వచ్చిన కుర్రాణ్ణి అసలే దింపొద్దు.

ప్రశ్న: మా బోరు నీళ్లు తాగి పిల్లల పళ్లు గారపట్టాయి. ఒంగోలు నుంచి వచ్చిన ఒకతను కొబ్బరి చిప్పల కార్బన్ ఫిల్టర్ పెడితే ఫ్లోరైడ్ మొత్తం పోతుందని చెప్పి అడ్వాన్సు అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా? ఇంట్లో మా అత్త కాచిన నీళ్లే తాగమంటోంది. – కనిగిరి దగ్గర పల్లె నుంచి ఒక తల్లి

జవాబు: ఇవ్వొద్దమ్మా. మామూలు యాక్టివేటెడ్ కార్బన్ ఫ్లోరైడ్‌ను పట్టుకోదు. ఉప్పును పట్టుకోదు, నైట్రేట్‌ను పట్టుకోదు, నీళ్ల కఠినత్వం తియ్యదు. దానికి పట్టేవి వేరే: క్లోరిన్, వాసన, రంగు, కొన్ని పురుగుమందుల అవశేషాలు. ఎవరైనా కార్బన్ ఒక్కటే పెట్టి టీడీఎస్ తగ్గుతుందంటే మీటరు తీసి ముందు, వెనక చూపించమనండి. అక్కడే తేలిపోతుంది.

మీ అత్తగారికి కోపం రాకుండా చెప్పండి. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గిన కొద్దీ అది ఇంకాస్త చిక్కబడుతుంది కూడా. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా సరి, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు ఒప్పుకున్నారు. ముందు పరీక్ష చేయించండి. శాంపిల్ గాజు సీసాలో తీసుకెళ్లొద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలబడుతుంది. శుభ్రమైన ప్లాస్టిక్ బాటిల్, అదే బోరు నీళ్లతో రెండు మూడుసార్లు తొలిపి పట్టండి. గ్రామీణ నీటి సరఫరా శాఖవాళ్ల ల్యాబులో చూస్తారు.

ఫ్లోరైడ్ తియ్యడానికి ఆర్వో, అంటే పైన చెప్పిన మెంబ్రేన్ పద్ధతి, పనికొస్తుంది, యాక్టివేటెడ్ అల్యూమినా పనికొస్తుంది. ఈ రెండో పేరులో కూడా 'యాక్టివేటెడ్' ఉంది కాబట్టి అమ్మేవాళ్లు కావాలనో తెలియకో కలిపేస్తుంటారు. ఒకటి నల్లటి బొగ్గు, ఇంకోటి తెల్లటి గుళికలు. పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ పద్ధతి ఉంది, నాగపూర్‌లోని నీరీ అనే పరిశోధన సంస్థవాళ్లు రూపొందించింది. పటిక మోతాదు లెక్క తప్పితే మంచిది కాదు, ఇంట్లో చేతి అంచనాతో చెయ్యొద్దు. ఎముకల బొగ్గు కూడా ఫ్లోరైడ్‌ను పడుతుంది. అందులో పనిచేసేది బొగ్గు కాదు, ఎముకలోని కాల్షియం ఫాస్ఫేట్. మన ఇళ్లలో ఎముకల బొగ్గు నీళ్లంటే ఎవరు తాగుతారులెండి. పిల్లలకు తాగడానికి, వండడానికి ఊళ్లోని ఆర్వో ప్లాంటు నీళ్లు తెచ్చుకోండి. అన్నం, పప్పు కూడా ఆ నీళ్లతోనే.

ప్రశ్న: మా ప్యూరిఫయర్‌లో కార్బన్ ఏడాదికోసారి మార్చాలంటాడు సర్వీసు అబ్బాయి. పోయినసారి తీసినదాన్ని నేను పారేయనివ్వలేదు. డాబా మీద నాలుగు రోజులు ఎండబెట్టాను, గలగలలాడుతోంది. మళ్లీ వాడుకోవచ్చా? ఇంకోటి, సంక్రాంతికి వారం ఊరెళ్లి వచ్చాక మొదటి గ్లాసు నీళ్లు మురుగు వాసన వచ్చాయి. – నెల్లూరు వేదాయపాళెం నుంచి ఒక గృహిణి

జవాబు: వాడుకోకూడదమ్మా. ఎండకు పోయేది తడి మాత్రమే.

కొబ్బరి చిప్పల్ని గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేస్తారు. అక్కడికి అది కంసాలి కుంపట్లో వేసే బొగ్గే. దాన్ని మళ్లీ 800 డిగ్రీలకు పైన వేడి చేసి ఆవిరి పంపిస్తారు. ఆవిరి బొగ్గును లోపల్లోపల తొలిచేస్తుంది, చెదపురుగు దూలాన్ని తొలిచినట్టు. మంచి రకం కార్బన్ ఒక గ్రాములో ఉండే ఆ సందుల గోడలన్నీ పరిస్తే సుమారు వెయ్యి చదరపు మీటర్లు. మన లెక్కలో పాతిక సెంట్లు. వేదాయపాళెంలో పాతిక సెంట్లంటే మాటలా! చెడ్డ వాసనలు, రంగులు ఆ గోడలకు అంటుకుంటాయి. సీట్లు నిండిన కనిగిరి బస్సు లాంటిదే, నిండాక ఎక్కడానికి చోటుండదు. ఒక్కోసారి గట్టివాడు ఎక్కి, సీటు బలంగా పట్టుకోనివాణ్ణి లేపి కిందికి దించేస్తాడు కూడా. అంటే ముదిరిన కార్బన్ కొన్నిసార్లు లోపల పట్టుకున్నది తిరిగి నీళ్లలోకి వదులుతుంది. ఆ గోడలు ఖాళీ కావాలంటే మళ్లీ అంత వేడి కొలిమి కావాలి. మన డాబా చాలదు, కుక్కర్ చాలదు. కొందరు వేడినీళ్లలో ఉడికించి వాడతారట, నుసి పోతుంది, క్రిములు కొన్ని చస్తాయి, అంతే.

నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి, టింక్చర్ అయోడిన్ చుక్కలు సమానంగా వేసి లేత టీ రంగు తెప్పించండి. ఒకదాంట్లో ఎండబెట్టిన మీ పాత బొగ్గు చెంచాడు, ఇంకోదాంట్లో కొత్తది చెంచాడు, రెండూ ఒకే మెత్తనగా దంచి వేయండి. పావుగంట కలిపి, తేరనిచ్చి చూడండి. కొత్తది వేసిన గ్లాసు తెల్లబడుతుంది. పాతదాని రంగు చూసి మీరే నిర్ణయించుకోండి. ఆ నీళ్లు పారబోయండి, గ్లాసులు వంటింట్లోవి కాకుండా చూసుకోండి. కార్బన్ కంపెనీలు అయోడిన్ నంబర్ అని రాసేది ఈ లెక్కే, ఒక గ్రాము బొగ్గు ఎన్ని మిల్లీగ్రాముల అయోడిన్ పట్టిందని. నీళ్లకు వాడే కొబ్బరి చిప్ప రకం 900 నుంచి 1100 మధ్య ఉంటుంది. కొనేటప్పుడు సంచి మీద చూడండి. మామూలు బొగ్గు కలిపి అమ్మేవాళ్లూ ఉన్నారు. గుప్పెడు నీళ్లలో వేస్తే అసలుది బుడగలు వదులుతూ మునుగుతుంది, కట్టెబొగ్గు చాలాసేపు తేలుతూనే ఉంటుంది.

మీ పాత బొగ్గు పారేయక్కర్లేదు. పూలకుండీల మట్టిలో కలపండి.

మురుగు వాసనంటారా, అది మీరు ఊళ్లో లేనప్పుడు పుట్టింది. కార్బన్ నీళ్లలోని క్లోరిన్ తీసేస్తుంది. క్లోరిన్ లేని తడి బొగ్గు, వారం రోజుల నిలవ నీళ్లు... క్రిములకు అంతకంటే మంచి అత్తగారిల్లు ఏముంది? ఊరు నుంచి రాగానే నిలవ ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, ఇంకోసారి నింపి అది కూడా వదిలేయండి, గిన్నెలు కడుక్కోండి. మూడోసారికి కూడా వాసన పోకపోతే కార్బన్ మార్చడమే, ఏడాది నిండిందా లేదా అని చూడొద్దు. ఊరికెళ్లేముందు ట్యాంకు ఖాళీ చేసి, కరెంటు, నీళ్లు రెండూ కట్టేసి వెళ్తే ఇంత టెన్షన్ ఉండదు.

ప్రశ్న: పొలం దగ్గర షెడ్డులో మా మనవడు పురుగుమందు మూత నోట్లో పెట్టుకున్నాడు. దేవుడి దయ, ఏమీ కాలేదు. విషానికి బొగ్గు విరుగుడని, ఇంట్లో కట్టెబొగ్గు నూరి పెట్టుకొమ్మని ఒకాయన చెప్పాడు. నిజమేనా? – పొదిలి నుంచి ఒక రైతు

జవాబు: నేను డాక్టర్ని కాను, తెలిసినంతవరకు గట్టిగా చెబుతాను. మాటలో సగం నిజముంది, ఆ సగమే ప్రమాదం. 1831లో తువేరీ అనే ఫ్రెంచ్ మందుల నిపుణుడు ప్రాణం తీసేంత స్ట్రిక్నిన్‌ను, అంటే మన ముష్టి గింజల్లో ఉండే విషాన్ని, బొగ్గుపొడితో కలిపి పండితుల ముందు మింగి బతికాడు. ఆస్పత్రుల్లో ఇప్పటికీ యాక్టివేటెడ్ బొగ్గు మందుగా ఇస్తారు. అది వేరే రకం మెత్తటి పొడి, ఎక్కువగా మొదటి గంటలోపే ఫలితం, పెద్దవాళ్లకు 50 గ్రాముల లెక్క. కిరోసిన్‌కు, యాసిడ్‌కు, సారాకు పనిచేయదు. స్పృహ తగ్గిన మనిషికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొయ్యి బొగ్గుకు ఇందులో పని లేదు. వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు పట్టొద్దు, 108కి ఫోన్ చేసి, ఆ మందు డబ్బా కూడా చేత్తో పట్టుకుని ఆస్పత్రికి వెళ్లండి. డబ్బా మీది పేరు చూస్తే డాక్టరుకు సగం పని తేలిక. ఆ షెడ్డుకు ఇవాళే తాళం వేయండి పెద్దాయనా.

గ్యాసుకని బొగ్గు గోళీలు మింగేవాళ్లు కూడా వినండి. ఆ గోళీ మీరు వేసుకున్న బీపీ, థైరాయిడ్ మాత్రల్ని కూడా పట్టుకుంటుంది. డాక్టర్ని అడగకుండా వద్దు.

చివరగా సింగరాయకొండ హైస్కూలు పిల్లాడొకడు కార్డు ముక్క మీద రాశాడు. అక్వేరియంలో చేపలకు తెల్లమచ్చలొస్తే నీలం మందు వేశాడట, తెల్లారేసరికి నీళ్ల రంగు పోయిందట, మందు దొంగదా అని. మందు మంచిదేరా అబ్బాయ్. నీ ఫిల్టర్లోని కార్బన్ సంచి మందునంతా తినేసింది. మందు నడిచినన్నాళ్లు ఆ సంచి తీసి పక్కన పెట్టు. చేపలు కోలుకున్నాక కొత్త కార్బన్ వేసి, రంగు ఎలా తగ్గుతుందో రోజూ పొద్దున ఒక తెల్లకాగితం అద్దం వెనక పెట్టి చూడు. నీలం ఇంకా ఉండగానే తగ్గడం ఆగిపోయిందంటే ఆ సంచి నిండిపోయినట్టు. ఎన్ని రోజులు పట్టిందో నాకు ఇంకో కార్డు రాయి.